కరెంటు పోతే కార్డూ పోతుంది: ఈజీపీయూతో రెండేళ్లు

ఈజీపీయూ అంటే ల్యాప్‌టాప్‌కు కేబుల్‌తో బయటినుంచి తగిలించే గ్రాఫిక్స్ కార్డు బాక్సు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు దీన్ని మించిన కొనుగోలు లేదని మొదటి ఆర్నెల్లూ కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. అర్ధరాత్రి ముహూర్తాలు, ఫంక్షన్ హాల్లో చాలీచాలని లైటు, కెమెరాలో ఐఎస్ఓ (కాంతిని పట్టే సున్నితత్వం) పెంచక తప్పదు. దాంతో వచ్చే గ్రెయిన్ (చుక్కలు) తీయడానికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్ స్టూడియోలో టెంపోరల్ నాయిస్ రిడక్షన్ (పక్క ఫ్రేములతో పోల్చి చుక్కలు తీసే ఎఫెక్టు) వేస్తే 4 జీబీ ల్యాప్‌టాప్ కార్డు ‘జీపీయూ మెమరీ ఫుల్’ అని చేతులెత్తేసేది. థండర్‌బోల్ట్ 3 (వేగమైన కేబుల్ కనెక్షన్) బాక్సులో 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు పెట్టాక ఆ మెసేజ్ మళ్లీ కనిపించలేదు. రిజాల్వ్ ప్రిఫరెన్సెస్‌లో మెమరీ అండ్ జీపీయూ తెరిచి, ఆటో టిక్కు తీసి, బయటి కార్డొక్కదాన్నే ఎంచుకోవాలి. రెండూ ఎంచుకుంటే చిన్న కార్డు మెమరీయే హద్దవుతుంది. మానిటర్‌ను కూడా కార్డుకే తగిలించాలి. ల్యాప్‌టాప్ తెర మీదే చూస్తే బొమ్మ మళ్లీ అదే కేబుల్లో వెనక్కి రావాలి.

అసలు తంటా ఎండాకాలం మొదలయ్యాక. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే గాలివానకు కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, బాక్సు మాత్రం ఆరిపోతుంది. నడుస్తున్న కార్డు మధ్యలో మాయమైతే రిజాల్వ్ మూసుకుపోతుంది, ఒక్కోసారి విండోసే బిగుసుకుపోతుంది. 80 శాతం అయిన రెండర్ (తుది వీడియో తయారీ) కూడా పనికిరాదు, ఎందుకంటే ఎంపీ4లో ఏది ఎక్కడుందో చెప్పే సూచికను ఫైలు చివర్లోనే రాస్తారు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటే సరిపోదు: నార్మల్ మోడ్‌లో అది లైను మార్చేలోపే బాక్సులోని పవర్ సప్లై పడిపోతుంది. కరెంటు పోయాక ఏటీఎక్స్ (కంప్యూటర్లలో వాడే రకం) సప్లై పట్టి ఉంచేది సుమారు 16 మిల్లీసెకన్లే. యూపీఎస్ మోడ్‌కు మార్చాలి, లేదా బాక్సుకు విడిగా యూపీఎస్ పెట్టాలి. కార్డుకు 170 వాట్లు, అదే కేబుల్ మీద ల్యాప్‌టాప్ చార్జింగ్‌కు 60 నుంచి 90, పైన సప్లై నష్టం కలిపితే 300 దగ్గర తేలుతుంది. 600 వీఏ యూపీఎస్ మామూలుగా 360 వాట్లే ఇస్తుంది కాబట్టి 1000 వీఏ తీసుకుంటే నిశ్చింత. రిజాల్వ్‌లో లైవ్ సేవ్, ప్రాజెక్ట్ బ్యాకప్ ఆన్ చేసి, నాయిస్ రిడక్షన్ వేసిన క్లిప్పులను రెండర్ క్యాష్‌లో (ముందే తయారుచేసి డిస్కులో దాచే చోటు) పెట్టుకుంటే, రెండర్ చేసేటప్పుడు ‘యూజ్ రెండర్ క్యాష్డ్ ఇమేజెస్’ టిక్కుతో ఆ బరువు పని రెండోసారి చేయక్కర్లేదు.

కేబుల్ కూడా ముఖ్యమే. అర మీటరు దాటిన పాసివ్ (లోపల సిగ్నల్ పెంచే చిప్ లేని) థండర్‌బోల్ట్ 3 కేబుల్ వేగం సెకనుకు 40 నుంచి 20 గిగాబిట్లకు దిగిపోవచ్చు.

మొదట చెప్పిన పొగడ్తకు ఒక సవరణ. 10 బిట్ 4:2:2 హెచ్.265 (రంగుల వివరం ఎక్కువుండే, గట్టిగా కుదించిన కెమెరా ఫార్మాట్) ఫుటేజ్ టైమ్‌లైన్‌లో తడబడుతుంటే ఈ కార్డుతో లాభం లేదు, 3060కి ఆ డీకోడింగ్ (కుదింపు విప్పడం) రాదు. 11వ తరం నుంచి ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలోని క్విక్ సింక్ అనే వీడియో భాగానికి అది వచ్చు, లేదంటే ప్రాక్సీలు (ఎడిటింగ్‌కు తేలికపాటి నకళ్లు) చేసుకోవాలి.

ఎడిటింగ్‌కీ, లొకేషన్‌కీ ఒకే ల్యాప్‌టాప్, రోజూ నాయిస్ రిడక్షన్ పనే అయితే, యూపీఎస్ ఖర్చు కలిపినా మళ్లీ ఇదే కొంటాను. ఒకే టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో అదే కార్డుతో డెస్క్‌టాప్ కట్టించుకోవడం నయం: ఇక్కడ నాలుగు లేన్లతో (డేటా దారులతో) సరిపెట్టుకునే కార్డుకు అక్కడ పదహారూ దొరుకుతాయి. ఎం1, ఆ తర్వాతి మ్యాక్‌లు ఉన్నవాళ్లు దీని జోలికే వెళ్లొద్దు, వాటిలో బయటి కార్డుకు ఆపిల్ సపోర్టు లేదు.