తొలి కాన్పు ఆగిపోతే: స్కానింగా, చెయ్యా, కాగితమా?

శ్రీకాకుళం జిల్లా మందస కొండల కింద పీహెచ్‌సీలో తొలిచూలు పిల్ల నొప్పులు పడుతుంటే అత్తగారు అడిగేది ఒకటే. "సిస్టరమ్మా, బేగి పలాస ఎల్లి స్కానింగ్ తీయించేద్దుమా?"

స్కానింగ్‌ని తక్కువ చేయను. మాయ కిందికి ఉందా, కవలలా అన్నది అది చెప్పినట్టు మరేదీ చెప్పదు. కానీ అవి నొప్పులకు ముందే తెలియాల్సిన సంగతులు. (తెలియకుండా నొప్పులొచ్చి, రక్తం పోతుంటే లోపరీక్ష జోలికి పోకూడదు, నేరుగా పెద్దాసుపత్రికే.) నొప్పుల్లో మిగిలే ప్రశ్న, ఈ తల ఈ కటిలోంచి దిగుతుందా అన్నది. దానికి స్కానింగ్ దగ్గర గట్టి జవాబు లేదు. ఒకప్పుడు తీసిన కటి ఎక్స్‌రేలు కూడా సిజేరియన్లనే పెంచాయి.

చెయ్యి చెబుతుంది. పొత్తికడుపు ఎముక పైన తల ఐదు వంతుల్లో ఎన్ని వంతులు తగులుతోంది? నొప్పులు గట్టిగా వస్తున్నా అది తగ్గకుండా, లోపల పుర్రె ఎముకలు ఒకదానిమీదొకటి ఎక్కుతుంటే ఇక ఆగకూడదు. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి.

అయితే డ్యూటీ మారితే చెయ్యి మారిపోతుంది. అందుకే కాగితం, అంటే పార్టోగ్రాఫ్: గర్భాశయ ముఖం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది, తల ఎంత దిగింది అని గంటల లెక్కన గుర్తులు పెట్టే పటం. 1972లో రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, ఫిల్‌పాట్, కాజిల్ అనే డాక్టర్లు తొలి కాన్పులనే చూసి దానిమీద రెండు గీతలు గీశారు. మొదటిది హెచ్చరిక, 4 గంటల తర్వాతది చర్య. ఆ 4 గంటలు ఊరికే వదల్లేదు, చిన్న ఆసుపత్రి నుంచి పెద్దదానికి చేరడానికి వదిలారు. మనవాళ్లు ఇదే మరిచిపోయి రెండో గీత దాకా కూర్చుంటారు. దారిలో ఉన్న టెక్కలి నుంచే శ్రీకాకుళం సుమారు 50 కిలోమీటర్లు, పైగా 108 రావాలి. పీహెచ్‌సీకి మొదటి గీతే ఆఖరి గీత.

ఆ గీత తొందరపాటుదన్న మాట నిజమే. ఆ గీత లెక్క, అంటే గర్భాశయ ముఖం గంటకు 1 సెంటీమీటరు తెరుచుకోవడం, అందరికీ కుదరదని డబ్ల్యూహెచ్‌ఓ 2018లో చెప్పింది, అసలు లెక్క 5 సెంటీమీటర్ల నుంచే మొదలన్నది. 3 సెంటీమీటర్ల దగ్గరే గంటలు గడిచినా తల్లీబిడ్డా బాగుంటే పరుగు అక్కర్లేదు. గీత దాటాక తల దిగుతోందో లేదో చెయ్యే తేల్చాలి. అనుమానముంటే పంపేయడమే నా పద్ధతి.

డోలీలో దిగే సవర ఊళ్లకు మాత్రం ఈ మూడూ ఆలస్యమే. తొలిచూలు పిల్ల నెలలు నిండేసరికి కింద చుట్టాలింట్లోనైనా ఉండాలి.

పంపేటప్పుడు ఆ కాగితం కూడా పిల్లతోపాటే 108 ఎక్కాలి. లేకపోతే అక్కడి డాక్టరు మళ్లీ మొదటినుంచీ లెక్కపెడతారు.