ఎయిర్‌పోర్ట్ డిస్టెన్స్ చూపించే యాప్: కిలోమీటర్లు ఓకే, టైమ్ మాత్రం నమ్మొద్దు

అమ్మని కడప నుంచి రాజమండ్రి పంపాలని ఈ యాప్‌లో చూశా. దూరం దాదాపు 435 కిలోమీటర్లు, టైమ్ గంట లోపే అని చూపించింది, అబ్బ ఎంత దగ్గరో అనుకున్నా. తర్వాత అర్థమైంది ఏంటంటే అది మ్యాప్ మీద గీత గీసినట్టు నేరుగా లెక్కేసిన దూరం, పైగా పెద్ద జెట్ స్పీడ్ వేసుకుంది, ఇలాంటి చిన్న ఎయిర్‌పోర్టులకి ఎక్కువగా తిరిగేది ఏటీఆర్‌లు (రెక్కలకి ఫ్యాన్లుండే చిన్న విమానాలు) కదా, వాటి స్పీడ్ గంటకి 500 కిలోమీటర్ల దగ్గరే. నాకు డైరెక్ట్ ఫ్లైట్ దొరకలేదు, మా శంషాబాద్ మీదుగానే బుక్ చేశా, అంటే కడప నుంచి ఇక్కడికి 300 కిలోమీటర్లు, ఇక్కడి నుంచి రాజమండ్రి ఎయిర్‌పోర్ట్ ఉన్న మధురపూడికి ఇంకో 360.

రెండు వేరు వేరు టికెట్లు కావడంతో అమ్మ కింద అరైవల్స్‌లో బ్యాగ్ తీసుకుని బయటికొచ్చి మళ్ళీ పైన డిపార్చర్స్‌కి ఎక్కాల్సొచ్చింది. నేను పుష్పక్ బస్సులో వెళ్ళి టిఫిన్ బాక్స్ ఇచ్చా, మోకాళ్ళ నొప్పితో ఆమె నడుస్తుంటే చాలా బాధేసింది. ఇంటి నుంచి ఇంటికి తొమ్మిది గంటలు పట్టింది.

దూరం వరకు 5 స్టార్లు ఇస్తా, టైమ్‌కి 1. పెద్దవాళ్ళని పంపేవాళ్ళు ముందు మధ్యలో ఎక్కడ దిగాలో చూసుకోండి ప్లీజ్.