పాత ఫార్చ్యూనర్‌కు మిషెలిన్ ప్రైమసీ ఎస్‌యూవీ: వానకు మంచిదే, వణుకుకు మందు కాదు

2009లో మన దేశానికొచ్చిన మొదటి తరం ఫార్చ్యూనర్ తారు, సిమెంటు రోడ్ల మీదే తిరిగేదైతే 265/65 ఆర్17 సైజు మిషెలిన్ ప్రైమసీ ఎస్‌యూవీ టైర్లు నిస్సంకోచంగా వేయించుకోవచ్చు. మట్టిబాటకూ పనికొచ్చే పెద్ద బ్లాకుల ఆల్ టెర్రైన్ టైర్ల నుంచి మారితే తడిలో బ్రేకు పట్టు తేడా వెంటనే తెలుస్తుంది, రొదా తగ్గుతుంది. నల్లరేగడి బాటలో మాత్రం టైరు గాళ్లు బురదతో పూడిపోయి చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. రోజూ పొలానికెళ్లే బండికి వద్దు.

చట్టం 1.6 మిల్లీమీటర్ల గాడి లోతు చాలంటుంది గానీ, వానాకాలానికి 3 కంటే తగ్గితే మార్చేయాలి. నిలిచిన నీటిని అంతకంటే లోతు తగ్గిన గాళ్లు బయటికి తోయలేవు, టైరు నీటి మీద తేలుతుంది. గాడి ఉన్నా రబ్బరు గట్టిపడితే జారుడే. పక్కగోడ మీద 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారీ. కొనేటప్పుడు ఇది చూడండి, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును చెప్పే అంకె) 112 కంటే తగ్గకుండానూ చూడండి. ఫుల్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి నాలుగూ ఒకేసారి మార్చాలి. టూవీల్ డ్రైవ్‌కు రెండే కొంటే కొత్తవి వెనక్కే వేయించాలి, షాపువాళ్లు ముందుకే వేస్తామన్నా సరే. వెనక అరిగినవి ఉంటే వాన మలుపులో తోక విసురుతుంది.

ఇక వణుకు. టైర్లు మార్చినా పోలేదంటూ టైరును తిట్టేవాళ్లు చాలామంది. 80–100 వేగంలో స్టీరింగ్ ఊగితే ముందు చక్రాల బ్యాలెన్సింగ్, అంటే చుట్టూ బరువు సమంగా ఉందా అన్నది, చూడాలి. బ్రేకు నొక్కినప్పుడే ఊగితే డిస్కులు. సీటు కింద సన్నగా జుమ్మంటూ, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు పెరుగుతూ ఉంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్‌బాక్సు నుంచి ఇరుసుకు శక్తిని తీసుకెళ్లే పొడవాటి గొట్టం. 90 వేగంలో ఈ సైజు చక్రం సెకనుకు పది చుట్లు తిరుగుతుంది, షాఫ్ట్ దానికి మూడున్నర నుంచి నాలుగు రెట్లు. అందుకే చక్రం వణుకు ఊగినట్టుంటుంది, షాఫ్ట్‌ది జుమ్మంటుంది.

బ్యాలెన్సింగ్‌కు ముందు హబ్ (చక్రాన్ని బిగించే భాగం) ముఖం మీది తుప్పు వైరు బ్రష్‌తో గీకించండి. ఒక చక్రానికి 100 గ్రాములకు మించి వెయిట్లు అడిగితే ఒప్పుకోవద్దు, టైరును రిమ్ము మీద అర చుట్టు తిప్పి మళ్లీ చూడమనండి. నట్లు గాలి గన్‌తో బిగించి వదిలేస్తే డిస్కు వంకర పోవచ్చు. చివరి బిగింపు టార్క్ రెంచితో, మాన్యువల్‌లో ఉన్న లెక్కకే.

షాఫ్ట్ క్రాస్‌లకు (షాఫ్ట్ వంగేలా చేసే కీళ్లు) ఎన్‌ఎల్‌జీఐ 2 చిక్కదనపు లిథియం గ్రీజు కొట్టాలి, నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు తొంగిచూసేదాకా. ఒక కప్పు నుంచి రాకుంటే ఆ క్రాస్ పోతోందన్నమాట. షాఫ్ట్ పొడవు పెరిగి తగ్గేలా చేసే జారే యోక్‌కు మాత్రం అతిగా కొట్టొద్దు. లోపల గ్రీజు నిండిపోతే షాఫ్ట్ ముడుచుకోలేక క్లచ్ వదిలేటప్పుడు ఠక్కుమంటుంది. షాఫ్ట్ విప్పాల్సొస్తే ముందు, కలిపి బిగించే రెండు ఫ్లాంజ్‌ల (బోల్టులు పట్టే బిళ్లల) మీదా పెయింట్ గీత పెట్టించండి. గీత తప్పి బిగిస్తే లేని వణుకు కొత్తగా పుడుతుంది.