పబ్‌మెడ్ కొన్నేళ్లు వాడాక: బలం, చికాకు, కీవర్డ్‌ల సంగతి

వైద్య పరిశోధన పేపర్లు వెతకడానికి ఫ్రీగా దొరికేవాటిలో నాకు పబ్‌మెడ్‌ని మించింది కనబడలేదు. కాకపోతే మనిషిని అడిగినట్టు పూర్తి ప్రశ్న టైప్ చేస్తే మాత్రం, ఒకోసారి ఏమీ రాదు, ఒకోసారి పనికిరానివి వేలల్లో వచ్చి పడతాయి.

దీని అసలు బలం మెష్. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 1960లో మొదలుపెట్టిన విషయ పదాల జాబితా అది, ఏటా సవరిస్తారు. రచయితలు హార్ట్ ఎటాక్ అని రాసినా ఇంకో పేరు వాడినా ఆ పేపర్లకు మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అనే లేబులే వేస్తారు. క్యాన్సర్‌కి వాళ్లు పెట్టుకున్న పేరు నియోప్లాజమ్స్, మనకెలా తడుతుంది చెప్పండి! అందుకే నేను ముందు మెష్ డేటాబేస్‌లో ఆ పేరేంటో చూసుకుంటాను. అలాగని దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే నష్టమే, కొత్త పేపర్లకు లేబుల్ ఇంకా పడి ఉండకపోవచ్చు, ప్రీప్రింట్లకైతే (నిపుణుల పరిశీలన కాకముందే బయటపెట్టిన పేపర్లు) అసలు పడదు. కాబట్టి శీర్షికలోనూ సారాంశంలోనూ జనం వాడే మాటలన్నీ, వాటిలో ఏదున్నా చాలని చెప్పే 'ఆర్'తో కలిపి మెష్ పదం పక్కనే చేరుస్తాను.

చికాకు పెట్టేది ఇంకోటుంది. మామూలుగా మనం టైప్ చేసిన మాటని పబ్‌మెడ్ తనంతట తానే మెష్ పదానికి కలుపుకుంటుంది, బ్రిటిష్ స్పెల్లింగ్, అమెరికన్ స్పెల్లింగ్ రెండూ చూస్తుంది. కానీ కొటేషన్ మార్కులో, మాట చివర నక్షత్రం గుర్తో (*) పెట్టామా, ఆ సాయం చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది. అప్పుడు ట్యూమర్‌ని రెండు స్పెల్లింగుల్లోనూ మనమే ఇవ్వాలి. అడ్వాన్స్‌డ్ పేజీలో సెర్చ్ హిస్టరీ పక్కన డీటెయిల్స్ నొక్కితే మన మాటల్ని ఎలా అర్థం చేసుకుందో మొత్తం కనిపిస్తుంది. ఇంత మంచి సదుపాయాన్ని తీసుకెళ్లి ఆ మూల ఎందుకు దాచారో! బ్రాకెట్లు మర్చిపోవద్దు, లేకపోతే 'ఆర్' లాంటివాటిని ఎడమ నుంచి కుడికి వరసగా లెక్కేసుకుంటూ పోతుంది.

'నాట్' జోలికి వీలైనంత వరకు వెళ్లను. జంతువుల మీద చేసినవి వద్దని 'నాట్ యానిమల్స్' అని మెష్ పదంతో కొడితే మనుషుల మీద చేసినవీ పోతాయి, ఎందుకంటే పై పదం వెతికితే దాని కింది పదాలూ కలిసొచ్చే మెష్ చెట్టులో హ్యూమన్స్ ఉండేది యానిమల్స్ కొమ్మ కిందే. బ్రాకెట్లలో 'యానిమల్స్ నాట్ హ్యూమన్స్' అని రాసి, ఆ మొత్తాన్ని 'నాట్'తో తీసేస్తే జంతువుల పేపర్లు మాత్రమే పోతాయి.