నీళ్లకు పాత నీలం డ్రమ్ములు కొంటున్నారా? కర్నూలు వాళ్లూ, ఒక్క నిమిషం ఆగండి

ఈ పొద్దు ఆ పాత డ్రమ్ముల దుకాణానికి పోయొచ్చినా. చేతులు ఇంకా వణుకుతున్నాయి. పేరు రాయను. మన ఊర్లో పాత డ్రమ్ములు కొన్నవాళ్లకు ఎవరి గురించి చెప్తున్నానో ఈపాటికే తెలిసిపోయింటుంది.

మాది 2009 వరద చూసిన ఇల్లు. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊర్లోకి వచ్చినప్పుడు మేమంతా మిద్దె మీద ఉన్నాం. కింద మనిషి లోతు నీళ్లు, పైన ఐదుగురికి తాగడానికి ఒకటిన్నర బిందె. వరద తీసినాక కూడా కొళాయి రాలేదు, బోరులో బురద. అమ్మ చిన్న గ్లాసుతో కొలిచి పోసేది. అప్పటి నుంచి మా ఇంట్లో నీళ్లు నిల్వ లేని రోజు లేదు. వరదకే కాదు, ఎండాకాలానికి కూడా. సుంకేసుల బ్యారేజీ నిండా ఉన్నా పట్టేది 1.2 టీఎంసీలే, పైన తుంగభద్ర ఎండితే కొళాయి గతి ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇల్లు మారినాం. పాత తొట్టి అక్కడే ఉండిపోయింది. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు లెక్కేసుకున్నా. ఐదుగురికి 20. రెండు డ్రమ్ములు పెట్టుకుంటే 400 లీటర్లు, ఇరవై రోజులు భయం లేదనుకున్నా. దుకాణమాయన ఒక్కోటి 1,100 చెప్పినాడు, బేరం లేకుండా ఇచ్చేసినా. "లోపల ఏమొచ్చింది?" అని రెండుసార్లు అడిగినా. "మామిడి రసం అన్నా, జ్యూస్ ఫ్యాక్టరీ సరుకు. మా ఇంట్లో కూడా ఇవే" అన్నాడు. మా ఇంట్లో కూడా అన్నాడు కదా అని నమ్మేసినా.

ఆ రోజు నా కళ్లారా చూసిందొకటి ఉంది. దాన్ని తలుచుకుంటేనే నామీద నాకు కోపం వస్తోంది. దుకాణం వెనకాల ఒక పిల్లోడు డ్రమ్ము మీద కూర్చుని గుడ్డతో రుద్దుతున్నాడు. పక్కన థిన్నర్ డబ్బా. చాకుతో కాగితం గీకుతున్నాడు, మళ్లీ రుద్దుతున్నాడు. శుభ్రం చేసి అమ్ముతున్నారు, మంచిదే అనుకున్నా. మామిడి రసం డ్రమ్ముకు లేబుల్ గీకాల్సిన అవసరం ఏముంటుందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే సరిపోయేది. ఆలోచించలేదు.

ఇంటికి తెచ్చి సోడా పొడి వేసి మూడుసార్లు కడిగినా. ఒక పగలంతా ఎండబెట్టినా. నీళ్లు పట్టి మూత బిగించినా. మూడో రోజు అమ్మ మూత తీసి, ముఖం పక్కకు తిప్పుకుని "రేయ్, ఇది నీళ్ల వాసన కాదు" అన్నది. నేను వంగి చూసినా. గోళ్ల రంగు తుడిచే మందు వాసన. లీలగానే ఉంది, కానీ ముక్కులో నుంచి పోదు. అప్పటికే మా చిన్నది అందులో నుంచి ఒక గ్లాసు తాగింది. దానికేమీ కాలేదు. కానీ ఆ రాత్రి గంటకోసారి లేచి దాని పక్కన కూర్చున్నా.

పొద్దున్నే రెండు డ్రమ్ములూ బయటికి దొర్లించి, బోర్లించి చూసినా. ఒకదాని అంచు కింద, పిల్లోడి చాకు అందని చోట, అరచేతిలో సగం కూడా లేని కాగితం ముక్క అతుక్కుని ఉంది. ఎర్ర రంగు, మూలకు నిలబెట్టిన చతురస్రం, మంట బొమ్మలో సగం, కింద మూల 3 అంకె. మండే ద్రవాలకు వేసే గుర్తు అది. అడుగున ప్లాస్టిక్‌లోనే అచ్చు పోసిన అక్షరాలు, యూఎన్ అని, పక్కన 1హెచ్1 అని. ప్రమాదకరమైన సరుకు మోయడానికి పరీక్ష చేసిన డ్రమ్ములకు ఆ అచ్చు ఉంటుంది.

ఆ ముక్క గీకి కవర్లో పెట్టుకుని పోయినా. చూపించినా. ఆయన దాన్ని చూడను కూడా చూడలేదు. టీ తాగుతూ, "ఏం సామీ, నేనేమన్నా నీ నోట్లో పోసినానా? బాత్రూముకు వాడుకోపో. సరుకు తడిపినాక వాపసు లేదు" అన్నాడు. పాప తాగింది అని చెప్పినా. "బాగానే ఉంది కదా, ఇంకేం" అన్నాడు. డబ్బులు పోతే పోనీ, ఆ మాట మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను. అంతకుముందు 'అన్నా' అని పిలిచిన నోరే అది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేసినా. బిల్లు ఉందా అని అడిగినారు. లేదు. నేనే అడగలేదు.

బయటికి వస్తుంటే ఆటోలో ఒక కుటుంబం మూడు డ్రమ్ములు ఎక్కించుకుంటోంది. ఆపి చెప్పినా, కాగితం చూపించినా. ఆయన తలకాయ ఊపి, "మేం బాగా కడుగుతాం లెండి" అని పోయినాడు. అందుకే ఇది రాస్తున్నా. కడిగితే పోదప్పా! ఇట్లాంటి ద్రవాలను ప్లాస్టిక్ పీల్చుకుంటుంది, తర్వాత రోజుల తరబడి నీళ్లలోకి వదులుతుంది. కాచినా, బ్లీచింగ్ వేసినా చచ్చేది క్రిములే, రసాయనం కాదు. ఆర్వో మెషిన్ ఉంది కదా అని కూడా ధైర్యం చేయొద్దు.

కొనాల్సి వస్తే కొత్తదే కొనండి. ట్యాంకైతే ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 12701 నంబరు చూసుకోండి. డబ్బాలకు గ్లాసు, ఫోర్కు బొమ్మ ఉంటే తిండి సరుక్కు పనికొచ్చేదని అర్థం. పాతదే గతి అంటే అసలు లేబుల్ చింపకుండా ఉన్నదే తీసుకోండి, లోపల ఏం వచ్చిందో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే వచ్చేయండి. మూత బిగించి ఎండలో గంట పెట్టి వాసన చూడండి, మేము ఆ పని కూడా చేయలేదు.

ప్రస్తుతానికి 20 లీటర్ల కొత్త క్యాన్లు ఆరు తెచ్చి నింపి పెట్టినా, ఆరు రోజులకు వస్తాయి. మిగతావి వచ్చే నెల. ఆ రెండు డ్రమ్ములకూ సుత్తి, ఉలితో అడుగున రంధ్రాలు కొట్టినా. మొక్కలకని పక్కింటామె అడిగింది, ఇవ్వలేదు.