ల్యాబ్ గ్రేడ్ సోడియం ఆల్జినేట్ 500 గ్రాముల డబ్బా: లోహ అయాన్ల మైక్రోజెల్స్‌కి ఎంతవరకు పనికొస్తుంది?

విజయవాడ, గుంటూరు ల్యాబ్ సామగ్రి దుకాణాల్లో ఆర్డరు ఇస్తే వచ్చే మధ్యరకం సోడియం ఆల్జినేట్ గురించి ఈ సమీక్ష. నీళ్లలో కరిగి, కాల్షియం తగిలితే జెల్ కట్టే పొడి ఇది. లేబుల్ మీద 'మీడియం విస్కాసిటీ' (మధ్యస్థ చిక్కదనం) అని ఉంటుంది. ఫార్మసీ, బయోటెక్ కాలేజీల్లో జింక్, కాపర్, సిల్వర్ మైక్రోజెల్స్ (లోహ అయాన్లు చేర్చిన, మైక్రాన్ల సైజు జెల్ కణాలు) చేసేవాళ్లు కొనేది చాలావరకు ఇలాంటిదే. యాంటీబాక్టీరియల్ పరీక్షలకు, అయాన్ల విడుదల ప్రయోగాలకు ఈ పొడి బాగా పనికొస్తుంది. జంతువు ఒంట్లో పెట్టే పనికి మాత్రం వద్దు. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసిన ఈ గ్రేడులో ఎండోటాక్సిన్లు (బ్యాక్టీరియా విషాలు), పాలీఫినాల్స్ (నాచు నుంచి వచ్చే మలినాలు) మిగిలి ఉండొచ్చు. అలాంటి పనికి అల్ట్రాప్యూర్ రకమే కొనాలి, దాని ధర ఎంత ఎక్కువైనా సరే.

పొడి లేత గోధుమ రంగులో, మెత్తగా ఉంటుంది. దీనిలోని పెద్ద లోపం లేబుల్ చెప్పని విషయాలు. ఆల్జినేట్ గొలుసులో ఉండే గులురోనిక్, మాన్యురోనిక్ ఆమ్లాల నిష్పత్తి ఎక్కడా రాయరు. గట్టి జెల్ రావాలంటే గులురోనిక్ వరసలు ఎక్కువ ఉండాలి, ఎందుకంటే కాల్షియం వాటి మధ్యనే, గుడ్ల అట్టలో గుడ్లు కూర్చున్నట్టు కూర్చుంటుంది. అందుకే బ్యాచ్ మారితే జెల్ గట్టితనం మారుతుంది. ఒక థీసిస్‌కి కావలసిన పొడి అంతా ఒకే బ్యాచ్‌లో తీసుకోవడం మేలు.

తేమ మరో సంగతి. ప్రమాణాల ప్రకారం సోడియం ఆల్జినేట్‌లో 15 శాతం దాకా తేమ ఉండొచ్చు. లెక్క సరిచేయకుండా 2 గ్రాములు తూస్తే ద్రావణం 2 శాతం కాదు. ఒక గ్రాము పొడిని 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారనిదాకా ఆరబెట్టి తేమ చూసుకోండి. 12 శాతం వచ్చిందనుకుంటే 100 మి.లీ.కి 2.27 గ్రాములు తూయాలి.

కరిగించడానికి బోరు నీళ్లు, కుళాయి నీళ్లు అస్సలు వాడకూడదు. వాటిలోని కాల్షియం ముందే అక్కడక్కడా జెల్ కట్టి, ద్రావణం పలుకులు పలుకులుగా అవుతుంది. రెండుసార్లు డిస్టిల్ చేసిన నీటిని స్టిర్రర్‌తో సుడి తిరిగేలా చేసి, పొడిని చిటికెడు చిటికెడు చల్లాలి. ఒకేసారి వేస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండల లోపలి పొడి గంటల తరబడి తిప్పినా నానదు. ముందుగా కొద్దిగా ఇథనాల్‌తో పొడిని తడిపితే ఆ బెడద తగ్గుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే బుడగలు పైకొచ్చి పోతాయి.

విజయవాడ సూర్యారావుపేట సర్జికల్ దుకాణాల్లో దొరికే 26 గేజి సూదితో కాల్షియం క్లోరైడ్‌లో చుక్కలు రాల్చి వాటిని 'మైక్రోజెల్స్' అనడం కనిపిస్తుంది. చుక్క ఆ సూదిలోంచి దాని బరువుకి అది రాలితే పూస రెండు మిల్లీమీటర్ల చుట్టూ వస్తుంది. అది మైక్రోజెల్ కాదు. ఎలక్ట్రోస్ప్రే (కరెంటు వోల్టేజితో చుక్కల్ని చిన్నవి చేసే పరికరం) లేని ల్యాబ్‌లో సులువైన దారి ఎమల్షన్, అంటే ద్రావణాన్ని నూనెలో సన్నటి బిందువులుగా చెదరగొట్టడం.

2 శాతం ద్రావణం 20 మి.లీ.లో 0.1 గ్రాము మెత్తటి కాల్షియం కార్బనేట్ కలిపి సోనికేట్ చేయండి (ధ్వని తరంగాలతో సమంగా చెదరగొట్టండి). గ్లూకోనో డెల్టా లాక్టోన్ 0.36 గ్రాములు చల్లటి నీళ్లలో అప్పటికప్పుడు కరిగించి అందులో పోయండి. ఇది మెల్లగా ఆమ్లంగా మారి, కార్బనేట్‌లోని కాల్షియంని విడిపించి జెల్ కట్టిస్తుంది. మోల్స్ లెక్కలో ఇది కార్బనేట్‌కి రెట్టింపు. ఈ నిష్పత్తిలో జెల్ పీహెచ్ తటస్థానికి దగ్గరగా నిలుస్తుంది. ఆలస్యం చేయకుండా 80 మి.లీ. లిక్విడ్ పారాఫిన్, 1.2 గ్రాముల స్పాన్ 80 (బిందువులు కలిసిపోకుండా ఆపే ఎమల్సిఫయర్) ఉన్న బీకర్‌లో పోసి, 1000 ఆర్‌పీఎమ్‌లో గంటసేపు తిప్పండి. వేగం తగ్గితే కణాలు పెద్దవవుతాయి, స్పాన్ తగ్గితే అతుక్కుంటాయి. లాక్టోన్ కలిపాక పది నిమిషాలు ఊరుకుంటే నూనెలో పడకముందే బీకర్‌లో ముద్ద కట్టేస్తుంది. తరువాత 0.5 శాతం ట్వీన్ 80 (నూనెని వదిలించే సర్ఫాక్టెంట్) ఉన్న 0.05 మోలార్ కాల్షియం క్లోరైడ్‌తో మూడుసార్లు కడిగి, ప్రతిసారీ తక్కువ వేగంలో సెంట్రిఫ్యూజ్ చేయాలి. నూనె పొర మిగిలితే అయాన్లు సరిగా బయటికి రావు.

ఇక్కడే అయాన్ల వరుస గుర్తుండాలి. ఆల్జినేట్ కాపర్‌ని కాల్షియం కంటే గట్టిగా, జింక్‌ని కాల్షియం కంటే వదులుగా పట్టుకుంటుంది. 0.02 మోలార్ కాపర్ సల్ఫేట్‌లో, అంటే 100 మి.లీ.కి పెంటాహైడ్రేట్ 0.5 గ్రాములు, ఈ కణాలు వేస్తే కాల్షియంని తోసేసి కాపర్ చేరుతుంది. కణాలు నీలంగా మారి కొంచెం కుంచించుకుపోతాయి. జింక్ మాత్రం అంత తేలిగ్గా చేరదు. 0.05 మోలార్ జింక్ అసిటేట్ డైహైడ్రేట్ (100 మి.లీ.కి 1.1 గ్రాములు) తాజాగా రెండుసార్లు మార్చాలి. ద్రావణం మబ్బుగా ఉంటే ఒక చుక్క ఎసిటిక్ ఆమ్లం చాలు. సిల్వర్‌ది ఒక్క అయాన్‌కి ఒక్క ఛార్జే కాబట్టి అది జెల్ కట్టదు. కాల్షియం జెల్‌లోకి దాన్ని చేర్చాలి. క్లోరైడ్ తగిలితే తెల్లగా అవక్షేపిస్తుంది కనుక కడగడానికి మొదటి నుంచీ కాల్షియం క్లోరైడ్ బదులు కాల్షియం నైట్రేట్ వాడి, వెలుతురు తగలకుండా ఉంచాలి.

అయాన్ల విడుదల చూసే బఫర్ (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) ఎంపికలో చాలా ప్రయోగాలు చెడిపోతాయి. ఫాస్ఫేట్ బఫర్‌లో కాల్షియం జెల్ ఉబ్బి విడిపోతుంది, జింక్ తెల్లగా పేరుకుంటుంది. విడుదల గ్రాఫ్‌లో అది 'వేగవంతమైన విడుదల'లా కనిపిస్తుంది. కాల్షియంని పట్టేసుకునే సిట్రేట్, ఈడీటీఏ కూడా జెల్‌ని కరిగించేస్తాయి. కాపర్‌కి ట్రిస్ బఫర్ కూడా పనికిరాదు, అది కాపర్‌ని పట్టేసుకుంటుంది. హెపెస్ బఫర్ మేలు.

యాంటీబాక్టీరియల్ పరీక్షలో జెల్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని పెద్ద వలయాన్ని చూసి సంతోషించే ముందు కడిగిన నీళ్లు పరీక్షించండి. కాపర్ మిగిలి ఉంటే అమ్మోనియా చుక్క వేయగానే ముదురు నీలం వస్తుంది. జింక్‌ని పీహెచ్ 5 నుంచి 6 మధ్య హెక్సమిన్ బఫర్‌లో జైలినాల్ ఆరెంజ్ సూచికతో ఈడీటీఏ టైట్రేషన్ చేయాలి, ఆ పీహెచ్‌లో కాల్షియం అడ్డురాదు. కడగని జెల్ ఇచ్చే వలయం జెల్‌ది కాదు, మిగిలిన ఉప్పుది. లోహం లేని కాల్షియం జెల్‌ని ప్రతి ప్లేట్‌లోనూ పోలిక కోసం కంట్రోల్‌గా పెట్టాలి.

క్రిములు పోవడానికి ఆటోక్లేవ్ చేస్తే (ఒత్తిడి ఆవిరిలో ఉడికిస్తే) ఆల్జినేట్ గొలుసులు తెగి చిక్కదనం పడిపోతుంది. పలచటి ద్రావణాన్ని 0.45, తరువాత 0.22 మైక్రాన్ ఫిల్టర్లతో వడకట్టడమే మంచిది. 2 శాతం చిక్కదనంలో ఫిల్టర్ మూసుకుపోతుంది. అలాంటప్పుడు ఒక శాతం దగ్గర వడకట్టి, ఆ బలంతోనే జెల్ చేయాలి.

నిల్వ విషయంలో ఈ పొడికి మన ఎండలు శత్రువులు. గుంటూరు మే నెల వేడిలో ఏసీ లేని స్టోర్‌రూమ్‌లో పడి ఉన్న డబ్బా మెల్లగా చిక్కదనం కోల్పోతుంది. వచ్చిన రోజునే ఒక శాతం ద్రావణాన్ని 25 డిగ్రీల దగ్గర ఓస్ట్‌వాల్డ్ విస్కోమీటర్‌లో (చిక్కదనం కొలిచే గాజు గొట్టం) చూసి, అది కిందికి కారడానికి పట్టిన సమయం డబ్బా మీద రాసి, సిలికా జెల్ పొట్లంతో ఫ్రిజ్‌లో పెట్టండి. ఏడాదిలోపు 500 గ్రాములు వాడేది లేకపోతే 100 గ్రాముల డబ్బాయే అడగండి. ఆర్డరు చేసేటప్పుడే బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, విశ్లేషణ పత్రం అడగండి. పత్రంలో చిక్కదనం అంకె లేని బ్యాచ్ తీసుకోవద్దు.