ఎక్స్‌టెండర్ అని అమ్ముతున్న పాత రూటర్లతో జాగ్రత్త, కొనే ముందు అడుగు భాగం చూడండి

వైఫై అందని గది కోసం సెకండ్ హ్యాండ్ రూటర్ కొందామనుకునేవాళ్లు ఇది చదివాక కొనండి. "ఎక్స్‌టెండర్‌గా పనిచేస్తుంది, ప్లగ్ పెడితే చాలు" అని చెప్పి నాకొకటి అంటగట్టారు. ప్లగ్ పెడితే లైట్లయితే వెలిగాయి, అంతే.

అసలు సంగతి అడుగున ఉంది. మోడల్ నంబరున్న స్టిక్కర్ మీద ఇంకో తెల్ల స్టిక్కర్ అంటించారు, గోరుతో గీకితే కింద ఒక ఇంటర్నెట్ కంపెనీ ముద్ర బయటపడింది. అంటే ఇది ఆ కంపెనీ తన కస్టమర్ల కోసం లాక్ చేసి ఇచ్చే రూటర్. సెట్టింగ్స్‌లో వైఫై పేరు, పాస్‌వర్డ్ తప్ప ఏదీ మార్చనివ్వదు. డీహెచ్‌సీపీ (ఫోన్లకి, కంప్యూటర్లకి నెట్‌వర్క్ అడ్రస్‌లు పంచే పని) ఆపే చోటు బూడిద రంగులో ఉంది, ఎంత నొక్కినా కదలదు. పిన్నుతో రీసెట్ చేసినా మళ్లీ అదే కంపెనీ పేజీ వస్తుంది, ఎందుకంటే రీసెట్‌తో సెట్టింగ్స్ పోతాయి గానీ లోపలున్న ఫర్మ్‌వేర్, అంటే రూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, మారదు.

ఒక్క ఆప్షన్ కోసం ఇంత గొడవా అనుకోకండి, కిటుకంతా అక్కడే ఉంది. మామూలు పాత రూటర్‌కి రిపీటర్ మోడ్ (కేబుల్ లేకుండా వైఫైని అందుకుని మళ్లీ పంచే పద్ధతి) లేకపోయినా పర్వాలేదు, మెయిన్ రూటర్ లాన్ పోర్టు (ఇంట్లో పరికరాలకి కేబుల్ పెట్టేది) నుంచి దీని లాన్ పోర్టుకి కేబుల్ వేసి, దీని ఐపీని 192.168.1.2 లాంటి ఖాళీ అడ్రస్‌కి మార్చి, డీహెచ్‌సీపీ ఆపేస్తే చక్కగా పనిచేస్తుంది. ఆపకపోతే రెండు రూటర్లూ అడ్రస్‌లు పంచడం మొదలుపెడతాయి, దీని దగ్గర అడ్రస్ తీసుకున్న ఫోన్ ఇంటర్నెట్ కోసం దీన్నే అడుగుతుంది, దీని దగ్గరేమో అది లేదు. సిగ్నల్ ఫుల్, ఒక్క పేజీ తెరుచుకోదు. అప్పటిదాకా బాగా నడిచిన మెయిన్ వైఫై కూడా దీని పుణ్యమా అని తేడా కొట్టింది.

అడాప్టర్ ఇంకో కథ. రూటర్ మీద 12 వోల్టులు 1 ఆంపియర్ అని ఉంటే, వచ్చింది 9 వోల్టులు 0.6 ఆంపియర్లది. పిన్ను పట్టింది కదా అని పెట్టేసినట్టున్నారు, కాస్త పని పడగానే రూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. అమ్మినతన్ని అడిగితే "మీకు సెట్టింగ్స్ చేయడం రావట్లేదు" అన్నాడు, స్టిక్కర్ ఫొటో పంపాక ఇక జవాబే లేదు.

కాబట్టి డబ్బు కట్టే ముందే అడుగు భాగం ఫొటో, డీహెచ్‌సీపీ పేజీ ఫొటో, అడాప్టర్ మీది అంకెల ఫొటో అడగండి. ఒకే మోడల్‌లో వీ1, వీ2 అని వెర్షన్లుంటాయి, వాటి ఫీచర్లు కూడా మారొచ్చు, అదీ స్టిక్కర్ మీదే ఉంటుంది. "300 ఎంబీపీఎస్" అన్న మాట చూసి మురిసిపోకండి, అలాంటి వాటిలో చాలావాటికి పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే, కేబుల్ మీద అంతకు మించి రాదు. కేబుల్ లేకుండా రిపీటర్‌లా పెడితే ఒకే రేడియో అటూ ఇటూ మోయాలి కాబట్టి స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. అప్‌డేట్లు ఆగిపోయిన మోడల్ అయితే దాని భద్రతా లోపాలు ఇక సరికావు, ఊరికే ఇచ్చినా వద్దనండి. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ కనీసం 5 లక్షల పరికరాల్లోకి దూరింది, అందులో ఎక్కువ ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో వాడే రూటర్లే.

అతని ప్రకటన ఇంకా అలాగే ఉంది, ఫొటోలన్నీ పైభాగానివే. నా డబ్బు ఇంకా వెనక్కి రాలేదు.